కాలవకి వాటం లేదు, యాప్‌లో ఆ ఆప్షన్ లేదు

"మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చేసరికి నేను విజయవాడలో మా వీధి కాలవ పక్కనే నిలబడి ఉన్నాను. ఒక చేతిలో పాల ప్యాకెట్, ఇంకో చేత్తో లుంగీ పైకెత్తి పట్టుకున్నాను. పరిష్కరించబడిన నీళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి మరి.

అది ఏ ఆఫీసో, ఏ యాపో ఇక్కడ చెప్పను. ఎవరినీ ఆడిపోసుకోవడానికి రాస్తున్నది కాదు. పైగా మెసేజ్‌తో పాటు వచ్చిన ఫోటోలో అబద్ధం ఏమీ లేదు. మూడు రోజుల ముందు నిజంగానే మనుషులొచ్చారు, పూడిక తీశారు, తీసినదాన్ని గట్టునే పోశారు. ఆరాక ఎత్తుకెళ్తామన్నారు. ఆరేలోపు వాన పడింది, పూడిక తన ఇంటికి తాను వెళ్ళిపోయింది. ఫోటో వానకు ముందు తీసింది. దాని కింద తేదీ, టైము, అక్షాంశం, రేఖాంశం అన్నీ అచ్చేసి ఉన్నాయి. కోర్టుకెక్కినా నేనే ఓడిపోతాను.

అది నా నాలుగో ఫిర్యాదు. నాలుగోసారి పని చేయించడానికి వచ్చిన మేస్త్రీకి నన్ను చూసి జాలేసినట్టుంది. "సార్, మీరు నలభైసార్లు పెట్టినా ఇంతేనండి. ఈ కాలవకి వాటం లేదు. అవతల వీధిలో సిమెంటు రోడ్డేసినప్పుడు తూము ఎత్తులో పెట్టారు. నీళ్ళు అటు ఎక్కలేక మీ వైపే ఎదురు తంతాయి" అన్నాడు. మరి ఆ ముక్క పైవాళ్ళకి చెప్పొచ్చుగా అన్నాను. బీడీ పక్కన పడేసి నవ్వాడు. "మాకు ఫోటో పెట్టడం వరకేనండి."

ఆ రాత్రి యాప్ తెరిచి వరసగా చూశాను. పూడిక ఉంది, చెత్త ఉంది, వీధి దీపం ఉంది, దోమలున్నాయి, చచ్చిన జంతువులున్నాయి. వాటం లేదు. చివర్న "ఇతరములు" ఉంటే అందులో నాలుగు వాక్యాలు రాశాను, తూము సంగతి కూడా రాశాను. వారం తిరక్కుండా మనుషులొచ్చి మళ్ళీ పూడిక తీసి, ఫోటో తీసుకుని వెళ్ళారు.

అప్పటినుంచీ నాకు ఒకటే ఆలోచన. రోగం ఏమిటో తెలిసిన మనిషి కాలవలో దిగి పని చేస్తున్నాడు. ఆయన చేతిలో ఫోనుంది, ఫోన్లో యాపుంది, యాప్‌కి సర్వరుంది. కానీ ఆయనకి తెలిసిన ఒక్క ముక్క పైకి వెళ్ళే దారి మాత్రం లేదు. డిజిటల్ పాలన అని మనం మురిసిపోతున్న దానికి కూడా వాటం తప్పిందేమో. మన ఇంటి కొలతలు, ఆధార్, ఫోన్ నంబరు, గుమ్మం ముందు ఫోటో ఇవన్నీ మన దగ్గర్నుంచి అటు జారుతున్నాయి. మన వీధి గురించి ఎవరు ఏం నిర్ణయించారు, ఎంత అంచనా వేశారు, తూము ఆ ఎత్తులో ఎందుకు పెట్టారు అన్నవి మాత్రం ఇటు రావడం లేదు.

కంప్యూటరంటే పడనివాణ్ణేం కాదు. ఆ మాటకొస్తే ఈ విషయంలో బెజవాడ ఎవరికీ తీసిపోయిన ఊరు కాదు. వాయిస్ అని విజయవాడ ఆన్‌లైన్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఒకటి 1999 నాటికే ఇక్కడ నడిచింది. జనన మరణ ధ్రువపత్రాలు, ఇంటి పన్ను, ప్లాన్ అనుమతులు ఊళ్ళో పెట్టిన కియోస్కుల్లో ఇచ్చేవారు. దేశంలో చాలా నగరాలు అప్పటికి టైపు మిషన్ దగ్గరే ఉన్నాయి. తర్వాత ఈ-సేవ, 2011లో మీ సేవ, 2019 అక్టోబర్ 2న సచివాలయాలు, 2025 జనవరిలో 161 సేవలతో మొదలైన మన మిత్ర వాట్సాప్. ఒక్కో ముఖ్యమంత్రి ఒక్కో పేరు పెట్టారు, పేరు మారినప్పుడల్లా ఫ్లెక్సీ వాళ్ళకి పని దొరికింది, కానీ మధ్యలో పైసా లంచం లేకుండా కాగితం ఇంటికి రావడం అనేది నిజంగా జరిగింది. మా నాన్న ఒక్క బర్త్ సర్టిఫికెట్ కోసం చెప్పులరిగేలా తిరగడం చూసినవాణ్ణి నేను. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే కళ్ళు పోతాయి.

కానీ సర్టిఫికెట్ నా ఒక్కడిది. కాలవ వీధి మొత్తానిది. చిక్కంతా ఇక్కడే ఉంది. మన డిజిటల్ వ్యవస్థలన్నీ మనిషిని ఒక్కొక్కణ్ణి చేసి చూస్తాయి. ఒక ఫోన్ నంబరు, ఒక ఓటీపీ, ఒక టిక్కెట్. నా ఫిర్యాదు పక్కింటాయనకి కనపడదు. ఆయనా అదే కాలవ మీద మూడుసార్లు పెట్టాడని నాకు టీ కొట్టు దగ్గర తెలిసింది. మా వీధిలో పదకొండు ఇళ్ళవాళ్ళం విడివిడిగా, ఎవరికి వాళ్ళం, అదే గోతి గురించి మొరపెట్టుకుంటూ ఉన్నాం. లెక్కలో అవి పదకొండు పరిష్కారాలు. నిజానికి ఒకటే తూము.

ఇంగ్లండులో ఫిక్స్ మై స్ట్రీట్ అని 2007 నుంచీ నడుస్తున్న వెబ్‌సైటు ఒకటుంది. అందులో గొప్ప సాంకేతికత ఏమీ లేదు. ఒకరు పెట్టిన ఫిర్యాదు మ్యాపు మీద అందరికీ కనపడుతుంది, అంతే. ఈ గుంత గురించి ఇప్పటికే ఎవరో చెప్పారని తర్వాత వచ్చినవాడికి తెలుస్తుంది, ఎన్నాళ్ళుగా ఉందో ఊరంతటికీ తెలుస్తుంది. మనవాళ్ళకి ఇది చేతకాదంటే నేను నమ్మను. చెత్త బండి ఎక్కడుందో జీపీఎస్‌లో చూసుకునే వ్యవస్థలు మన దగ్గర ఉన్నాయి. చేతకాకపోవడం కాదు, కనపడనివ్వాలన్న కోరిక లేదు.

ఇక్కడ గుంటూరు సంగతి ఒకటి చెప్పాలి. గుంటూరు కార్పొరేషన్‌లో పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021లో. పదకొండేళ్ళు ఆ నగరానికి కార్పొరేటర్ అనేవాడే లేడు, మేయర్ లేడు, కౌన్సిల్ లేదు. ప్రత్యేకాధికారులే నడిపారు. విజయవాడకి కూడా 2019 నుంచి 2021 దాకా అదే పరిస్థితి. ఆ పదకొండేళ్ళలోనే మీ సేవ వచ్చింది, ఆన్‌లైన్ ప్లాన్లు వచ్చాయి, ఇంటి పన్ను ఫోన్లో కట్టడం వచ్చింది. సర్టిఫికెట్లు ఆగలేదు, పన్నుల వసూలు అసలే ఆగలేదు. అరండల్‌పేటలో ఉండే మా బాబాయిని ఒకసారి అడిగాను, అన్నేళ్ళు కౌన్సిల్ లేకుండా ఎలా నడిచిందని. "ఏం తేడా తెలవలేదురా" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. సేవలు బాగుంటే పాలకవర్గం లేకపోయినా తెలియనంతగా మనం అలవాటు పడిపోయాం. 2018 మార్చిలో పాత గుంటూరులో తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు, నిలదీయడానికి ఆ వీధుల్లో ఎన్నికైన మనిషి ఒక్కడూ లేడు.

రాజ్యాంగానికి 74వ సవరణ చేసింది 1992లో. మూడు లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని అందులో 243-ఎస్ అధికరణం చెబుతుంది. విజయవాడ 2011 లెక్కల్లోనే పది లక్షలు దాటింది, గుంటూరు ఆరు లక్షలు దాటింది. 2021 ఎన్నికల నాటికి విజయవాడలో 64 డివిజన్లు. అంటే ఒక్కో కార్పొరేటర్‌కి సగటున పదహారు వేల మంది. మీ వార్డు కమిటీలో సభ్యులెవరు అని నేను ఉదయం నడకలో కలిసే పదిమందిని అడిగాను. ఒకాయన "అదేం కమిటీ, అపార్టుమెంటుదా?" అన్నాడు. తప్పు ఆయనది కాదు. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే నగరాభివృద్ధి పథకం కింద కేంద్రం డబ్బులిచ్చేటప్పుడు కూడా ప్రజల భాగస్వామ్యానికి చట్టం చేసుకోవాలన్నది ఒక షరతు. విజయవాడ ఆ పథకంలో ఉన్న నగరమే. పైపులూ ఫ్లాట్లూ వచ్చాయి. మనం మాట్లాడే చోటు మాత్రం రాలేదు.

భాగస్వామ్యం పేరుతో నాకు ఎక్కువగా అందింది స్వచ్ఛ సర్వేక్షణ్ లింకు, అంటే నగరాల శుభ్రతకి కేంద్రం ర్యాంకులిచ్చే సర్వే. విజయవాడ 2021లో దేశంలో మూడో స్థానంలో నిలిచింది. 2024-25 సర్వేలో ముందు వరస నగరాల కోసం పెట్టిన సూపర్ స్వచ్ఛ లీగ్‌లో విజయవాడా గుంటూరూ రెండూ ఉన్నాయి. తెల్లారుజామున నాలుగున్నరకి బందరు రోడ్డు ఊడ్చే మనుషుల కష్టం అందులో ఉంది, కాదనను. కానీ ఆ సర్వేలో పౌరుణ్ణి అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఏమిటంటే, మీ నగరం ఈ సర్వేలో పాల్గొంటోందని మీకు తెలుసా అని. పెళ్ళికొచ్చినవాణ్ణి పట్టుకుని పెళ్ళి జరుగుతోందని మీకు తెలుసా అని అడిగినట్టుంది. తెలుసు అని నొక్కాను. నగరానికి మార్కులు పడ్డాయి.

మనకి నిజంగా చెప్పాల్సింది ఉన్నప్పుడు ఏం జరుగుతుందో చెత్త పన్ను దగ్గర చూశాం. 2021 అక్టోబర్ 2న విజయవాడలోనే క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలుపెట్టి, కొత్త బండ్లు వరసగా నిలబెట్టి జెండా ఊపారు. వెంటే ఇంటింటికీ యూజర్ ఛార్జీ వచ్చింది. ఆ పేరుతో ఎవరూ పిలవలేదు, మొదటి రోజునుంచీ అది చెత్త పన్నే. ఇంట్లో తడి చెత్త పొడి చెత్త వేరు చేసి ఇచ్చేవాడికి ఒకటే రేటు, సంచి మూటగట్టి కాలవలో విసిరేవాడికీ అదే రేటు. పర్యావరణం పేరు చెప్పి వేసిన ఛార్జీకి పర్యావరణం గురించి ఆలోచించేవాడికి ఒక్క రూపాయి తగ్గింపు లేదు. ఈ మాట ముందే అడిగి ఉంటే ఏ గృహిణి అయినా చెప్పేది. కట్టడానికి దారులున్నాయి, వద్దనడానికి లేదు. దాంతో ఆ అభిప్రాయం వేరే దారుల్లో బయటపడింది: ధర్నాలు, గుమ్మాల దగ్గర తగువులు, చివరికి బ్యాలెట్. 2024లో ప్రభుత్వం మారాక రద్దయింది. రద్దయినందుకు నేనూ సంతోషించాను గానీ, చెత్త తీయడానికి డబ్బెక్కడిది, ఎవరు ఎంత ఇవ్వాలి అన్న అసలు ప్రశ్న రెండు పార్టీల కాళ్ళ కింద నలిగిపోయింది. వెయ్యడమూ తీసెయ్యడమూ రెండూ మనల్ని అడక్కుండానే జరిగాయి.

విజయవాడని ముంచిన బుడమేరు వాగు గురించి రాయకుండా ఈ వ్యాసం ముగించలేను. 2024 ఆగస్టు 31 రాత్రి నుంచి నేను ఫోన్‌లో ప్రకాశం బ్యారేజీ అంకెలు చూస్తూ కూర్చున్నాను. ఏడు లక్షలు, తొమ్మిది లక్షలు అని గంటగంటకీ పెరిగి సెప్టెంబర్ 2న 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది. బ్యారేజీ చరిత్రలో అంత ఎప్పుడూ రాలేదు. నేను కృష్ణని చూస్తున్నాను. నీళ్ళేమో సెప్టెంబర్ 1నే ఊరికి అవతలి వైపు నుంచి వచ్చాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. బ్యారేజీ అంకె నా జేబులో ఉంది. బుడమేరు అంకె నాకు ఎక్కడా కనపడలేదు.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుడుతుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరదని డైవర్షన్ ఛానల్లో కృష్ణలోకి మళ్ళిస్తారు. పాత బుడమేరు ఊరి పక్కనుంచి ఎనికేపాడు దాటి కొల్లేరుకి పోతుంది. కృష్ణే నిండుగా ఉన్న రోజున ఆ డైవర్షన్ ఛానల్ నీళ్ళు నదిలోకి దిగలేవు, ఎదురు తంతాయి. మా వీధి మేస్త్రీ చెప్పిన మాటే, కాస్త పెద్ద లెక్కలో. కట్టకి గండ్లు పడ్డాయి, సైన్యం కూడా వచ్చి సాయం పట్టాక సెప్టెంబర్ 7కి పూడ్చగలిగారు.

మా అక్క వాళ్ళిల్లు పాయకాపురంలో. కింద అంతస్తు. ఆదివారం తెల్లారేసరికి నీళ్ళు గుమ్మంలోకొచ్చాయి, పదింటికి మంచం మునిగింది. వాళ్ళు పైవాటాలో ఎక్కారు. ఆ రెండ్రోజులు నేను చేసిన పని ఒక్కటే, వాట్సాప్‌లో అడ్రసులు అటూ ఇటూ పంపడం. "పిల్లల ఆస్పత్రి వెనక మూడో అడ్డరోడ్డు, నీలం రంగు బిల్డింగు, ఫస్ట్ ఫ్లోర్‌లో ఇద్దరు ముసలివాళ్ళు, ఇన్సులిన్ కావాలి." ఇలాంటివి వందల్లో వచ్చేవి. ఎవరో కుర్రాడు, ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు, ఆ అడ్రసులన్నీ ఒక షీట్‌లో పెట్టి అందినవి కొట్టేస్తూ పోయాడు. పడవ వాళ్ళు దాన్నే చూసుకున్నారు. కలెక్టరేట్‌లో ముఖ్యమంత్రి మకాం వేసి ఉన్నారు, డ్రోన్లతో అన్నం పొట్లాలు దించారు, అదంతా నిజమే, మంచిదే. కానీ ఏ గోడ మీద నిలబడితే పడవ అందుతుందో ఆ షీట్‌కే తెలుసు. నగరాభివృద్ధిలో పౌర భాగస్వామ్యం అంటే ఏమిటో నేను కళ్ళారా చూసింది ఆ షీట్‌లోనే. నీళ్ళు తీసిన మర్నాడు దాన్ని ఎవరూ తెరవలేదు.

తర్వాత నష్టం లెక్క కట్టడానికి సిబ్బంది ఫోన్లు పట్టుకుని వచ్చారు. కింద అంతస్తుకి 25,000, పై అంతస్తులకి 10,000. జాబితాలో పేర్లు రాలేదని జనం బారులు తీరడం పేపర్లలో మీరూ చూసే ఉంటారు. అక్క పేరు వచ్చింది, డబ్బులూ పడ్డాయి. ఆవిడ బాధ వేరు. "ఆధార్ అడిగారు, బ్యాంకు పుస్తకం అడిగారు, బండి అడిగారు. నీళ్ళు ఎటునుంచి వచ్చాయమ్మా అని మాత్రం ఎవ్వరూ అడగలేదురా" అంది. పరిహారం ఫారం అందుకోసం కాదక్కా అని సర్దిచెప్పాను. కానీ మరెందుకోసమైనా ఇంకో ఫారం వస్తుందేమో అని ఆవిడ చాలా రోజులు చూసింది. ఎందుకంటే ఆవిడకి తెలుసు. నీళ్ళు మొదట వీధి చివర ఖాళీ స్థలం వైపునుంచి వస్తాయనుకున్నారు అందరూ, వెనక మురుగు కాలవలోంచి పైకి ఉబికాయి. ఎదురింటి పెద్దాయన 2005 బుడమేరు వరద కూడా చూసినవాడు. అప్పుడు నీళ్ళు ఎంతలో ఆగాయో, తర్వాత ఏ స్థలం మెరక చేసి ఎవరు ఇల్లు కట్టారో, ఎందుకు ఈసారి రెండడుగులు ఎక్కువ వచ్చిందో ఆయన వేలుపెట్టి చూపిస్తాడు. ఇలాంటివాళ్ళు ఆ ప్రాంతంలో వీధికొకరున్నారు. ఏ కన్సల్టెంటుకి ఎన్ని కోట్లిచ్చినా ఆ పెద్దాయన వేలు చూపించేంత సరిగ్గా మ్యాపు గీయలేడు.

ఈ విషయం మాట్లాడినప్పుడల్లా ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మా స్నేహితుడొకడు అడ్డు తగులుతాడు. "నువ్వు అంచనాలన్నీ జనం ముందు పెట్టమంటావు. వాళ్ళకి లెవెల్స్ అర్థమవుతాయా? ప్రతివాడూ మా ఇంటి ముందు రోడ్డెయ్యమంటాడు. పార్టీల వాళ్ళు చేరతారు. ఏ పనీ ముందుకి కదలదు." ఇందులో కొంత నిజముంది. మా అపార్టుమెంటు మీటింగులో లిఫ్టు రంగు తేల్చడానికి మూడు నెలలు పట్టింది. కానీ జనానికి అర్థం కాదని అనుకుని చేసిన తూమే కదా ఇవాళ మా వీధిలో ఎదురు తంతున్నది? విభజన తర్వాత విజయవాడకి కేంద్రం ఇచ్చిన 461 కోట్లతో మొదలైన వర్షపు నీటి కాలవల పని జనం అడ్డుపడితే ఆగలేదు. ఏ వీధిలో ఎంత తవ్వారు, ఏది దేనికి కలిసింది, ఏది కలవకుండా మధ్యలో ఆగింది అన్నది వీధివారీగా మ్యాపులో పెట్టి ఉంటే అది అన్నేళ్ళు అలా నానేదా?

పుణేలో 2006 నుంచీ బడ్జెట్లో కొంత భాగానికి పనులు జనమే సూచించే పద్ధతి ఉంది. బస్ స్టాపు, ఫుట్‌పాత్, వీధి దీపం లాంటి చిన్న పనులే. అది కూడా సజావుగా ఏం నడవదు. అయినా ఏటా ఒకసారి పౌరుణ్ణి "నీకేం కావాలి" అని అడుగుతారు, పని అయ్యాక "ఎలా చేశాం" అనడంతో సరిపెట్టరు. నేను అడిగేదీ అంతకంటే పెద్దదేం కాదు. నా డివిజన్లో ఈ ఏడు చేయబోయే పనులు, ఒక్కోదాని అంచనా, తూముల ఎత్తులతో సహా, పని మొదలవకముందే సచివాలయం గోడ మీదా ఫోన్‌లోనూ తెలుగులో కనపడాలి. పెద్ద సాంకేతిక పదాలు వద్దు, "ఈ కాలవ నీళ్ళు ఇటు పోతాయి" అని బాణం గుర్తు వేస్తే చాలు. బాణం తప్పయితే వీధిలో ముసలమ్మ కూడా చెబుతుంది. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ 2005 నుంచీ చెబుతున్నది ఇదే, అడక్కముందే బయట పెట్టమని. టిక్కెట్ క్లోజ్ చేసే బటన్ కూడా పెట్టినవాడి చేతిలో ఉండాలి. మేస్త్రీ ఫోన్‌లో ఫోటో బటన్ పక్కన ఇంకో బటన్ ఉండాలి: "దీని కారణం వేరే ఉంది."

ఇక మన సంగతి. రైవస్ కాలవ వంతెన మీద స్కూటర్ ఆపి, అటూ ఇటూ చూసి, పూజ పూల సంచి నీళ్ళలోకి విసిరేవాళ్ళు ఎవరు? ఆ కంచె జాలీలు అంతెత్తు ఎందుకు పెట్టాల్సి వచ్చింది? మా వీధిలోనే సైడు కాలవ మీద ర్యాంపు కట్టుకోని ఇల్లు నాలుగు లేవు, నా ర్యాంపుతో సహా. మేస్త్రీ ఆ రోజు తూము గురించి చెప్పి, వెళ్తూ వెళ్తూ నా ర్యాంపు కిందకి గెడకర్ర పెట్టి ఒకసారి పొడిచి చూపించాడు. లోపల రాయిలా గట్టిపడిన పూడిక. "ఇది మేం తియ్యలేం సార్, మీరే పగలగొట్టించుకోవాలి." నేను అప్పుడు మాట మార్చాను. ఈ మధ్యే పగలగొట్టించి ఇనప జాలీ వేయించాను, ఖర్చయింది, మా ఆవిడ ఇప్పటికీ సణుగుతోంది. నాతో పాటు ఇంకో ఇద్దరు చేయించుకున్నారు. మిగతా ఎనిమిది మంది ఆలోచిస్తామన్నారు.

పదకొండు ఇళ్ళవాళ్ళం ఈసారి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాం. తూము ఎత్తు, మా కాలవ అడుగు ఎత్తు, రెండూ నీళ్ళ పైపు పెట్టి కొలిపించి అంకెలు వేశాం. కొలిచింది ఎవరనుకున్నారు, ఆ మేస్త్రీయే, ఆదివారం, తన సొంత టైములో. యాప్‌లో కాగితం ఎక్కించే వీలు ఒక ఫోటో వరకే ఉంది. అందుకని సోమవారం అర్జీల రోజున చేత్తోనే ఇచ్చి వచ్చాం. రసీదు మాత్రం ఫోన్‌కి వచ్చింది.

మొన్న పాయకాపురం వెళ్తే అక్క ఇంటికి రంగులు వేయిస్తోంది. హాలు గోడ మీద వరద గీత ఇంకా ఉంది, నా గుండెల దాకా. పెయింటర్ ప్రైమర్ డబ్బాతో నిలబడి ఉన్నాడు. "ఇంత మందం వదిలెయ్ బాబూ, అడ్డంగా ఒక జానెడు" అంటోంది అక్క. "గోడ చండాలంగా కనపడుద్దమ్మా" అంటున్నాడు అతను. బావ నా వైపు చూశాడు, నన్నేదో ఒకటి చెప్పమన్నట్టు. నేను టేపు అడిగి తీసుకున్నాను.